నీళ్ల గది వాసన

కూతురి ఇంటి నుంచి
జూన్ 7, శుక్రవారం

చెల్లీ, చిన్నదానా,

ముందు నీ ఒళ్లెలా ఉంది? నడుం నొప్పి తగ్గిందా, తగ్గిందని నాకు చెబుతున్నావా? మరిదిగారి కాలి పుండు మానిందా? చెప్పుల్లేకుండా షెడ్డులో తిరగడం మానేశారా, లేదా? కొత్తగా దిగిన కోడిపిల్లలెలా ఉన్నాయి? పరుచుకుని తిరుగుతున్నాయా, ఒక మూలకి గుంపు కడుతున్నాయా? గుంపు కడితే చలేస్తున్నట్టు, నోళ్లు తెరిస్తే ఉక్కపోస్తున్నట్టు. నీళ్ల గదిలో ఉండే పిల్లి ఈనిందా? కడుపుతో ఉన్నప్పుడు వదిలేసి వచ్చాను దాన్ని.

ఇక్కడ నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. అమ్మాయి బాగానే ఉంది, అల్లుడు కింద కుట్టు మిషన్ల దుకాణంలో బాగానే ఉన్నాడు. నేనే బాగా లేను. గ్యాసు పొయ్యి కట్టేశానో లేదో అని నాలుగుసార్లు లేచి చూస్తాను. "అమ్మా, నువ్వు చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ మీటకి చెయ్యి తగిలి తెరుచుకుంటుందేమో" అంటుంది నీ కూతురులాంటి నా కూతురు. అప్పట్నుంచీ ఆ భయం కూడా పట్టుకుంది.

ఫోనులో మాట్లాడుకోమంటాడు అల్లుడు. ఫోనులో నాకు గాలి తప్ప ఏమీ వినపడదు. పైగా ఫోనైతే నువ్వు "బాగున్నాం అక్కా" అని పెట్టేస్తావు. కాగితమైతే నాలుగు ముక్కలన్నా రాయాలి. దాణా లారీ డ్రైవరు మంచివాడు. శుక్రవారం ఇక్కడ మిల్లులో దాణా ఎత్తుకుని మీ షెడ్డుకొచ్చి శనివారం తిరిగొస్తాడు. పదిహేను రోజులకో, నెలకో. ఉత్తరం ఆయన చేతికే ఇవ్వు.

పదకొండేళ్లు నేను చూసిన షెడ్డు. మోకాళ్లు పోయి తాళాలు నీ చేతిలో పెట్టాను. మరిదిగారు పనిచేసిన మిల్లు మూతపడ్డాక మీరిద్దరూ ఎన్ని అద్దె గదులు మారారో నాకు తెలుసు. ఆ షెడ్డు పక్క గది మీకిప్పుడు ఇల్లు. కోళ్లు పెంచడానికిచ్చే కంపెనీ వాళ్లు షెడ్డు తీసేసుకుంటే ఇల్లూ పోతుంది. అందుకే ఇన్నిసార్లు చెప్పడం.

అన్నిటికన్నా నీళ్లు ముఖ్యం. మన బోరు నీళ్లు ఉప్పన, గట్టివి. అవి అలాగే తాగితే కోడికి కడుపు చెడుతుంది, గొట్టాల్లో జిగురు పడుతుంది. బ్లీచింగు వేస్తే పురుగు చస్తుంది, పుల్లమందు వేస్తే నీళ్లు కాస్త పులిసి ఆ బ్లీచింగు బాగా పనిచేస్తుంది, కడుపూ నిలబడుతుంది. పులుపు ఎక్కువైతే మాత్రం కోడి ముక్కు పెట్టి తీసేస్తుంది, తాగదు. ఆ కంపెనీ సూపర్‌వైజర్ ఇచ్చే రంగు కాగితం సంగతి నాకు తెలియదు. గొట్టానికి కోడి ముక్కుతో పొడిచి తాగే నిప్పిళ్లలో చివరిదాని దగ్గర వేలు తడిపి నాలుకకి రాసుకో. పులుపు తగిలీ తగలనట్టుండాలి. నీళ్లలో కలిపి టీకా ఇచ్చే రోజుకి ఒక రోజు ముందు నుంచీ రెండూ ఆపెయ్. టీకా చచ్చిపోతుంది.

పాములు తిరిగే రోజులు. దాణా బస్తా కదిపే ముందు కర్రతో తట్టు. పిడుగులు పడేటప్పుడు రేకుల కింద నిలబడకు.

నీ అక్క

*

షెడ్డు నుంచి
జూన్ 8, శనివారం

అక్కా,

నీ ఉత్తరం చదవడానికి ఒక పూట, నువ్వు చెప్పిన భయాలన్నీ పడడానికి ఒక పూట పట్టింది. డ్రైవరు లారీ ఆపి నిలబడ్డాడు, అందుకే తొందరగా రాస్తున్నాను.

నా నడుం నిలబడే ఉంది. మీ మరిది కాలు మానింది, చెప్పులు మాత్రం ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి, వాటికి కాళ్లు వస్తే అవే నడుస్తాయి. పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. పాము కనిపించలేదు. పిడుగు పడలేదు. అన్నిటికీ సమాధానం చెప్పానా?

నిన్న సూపర్‌వైజర్ వచ్చాడు. నీళ్లలో కాగితం ముంచితే పచ్చగా తిరిగి నీలానికొచ్చింది. పీహెచ్ ఎనిమిది దాటింది, ఆరుకి దించాలన్నాడు. ఒక నిప్పిల్ విప్పి వేలు పెట్టి చూపించాడు, ముక్కులోంచి తీసినట్టుంది జిగురు. రెండు మందులూ రోజూ పడాల్సిందే అన్నాడు. మొన్నటి బ్యాచ్‌లో పల్చగా రెట్ట వేసి కొన్ని పోయాయి కదా, అది నీళ్ల వల్లేనట. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను, కాస్త ఎక్కువే వేస్తున్నాను.

నువ్వు గ్యాసు మీట జోలికి వెళ్లకు. ఆ ఇంట్లో భయపడాల్సింది నిన్ను చూసే.

చిన్నది

*

కూతురి ఇంటి నుంచి
జూలై 5, శుక్రవారం

చిన్నదానా,

"కొన్ని" అంటే ఎన్ని? కొన్ని అన్న మాట నా దగ్గర వాడకు. పదా, వందా? నువ్వు రాయలేదు కానీ డ్రైవరు చెప్పాడు. వెనక గొయ్యి రెండోసారి తవ్వారటగా. ఆయన ఊరికే మాటల్లో అన్నాడు, అప్పట్నుంచీ నాకు అన్నం దిగడం లేదు.

ఇంకో మాట కూడా అన్నాడు. నువ్వు ఉత్తరం ఇచ్చేటప్పుడు నోటికి గుడ్డ కట్టుకుని ఉన్నావట, మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గావట. జలుబా? జలుబైతే జలుబని రాయి. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే గోడ వైపు తిరిగి పడుకుని ఎవరికీ చెప్పేదానివి కాదు. అమ్మ నుదురు ముట్టుకుంటే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు ముట్టుకోవడానికి నేను దగ్గర లేను.

నేనొచ్చి పది రోజులుంటాను అన్నాను. అమ్మాయి "బ్యాచ్ ఉండగా బయటివాళ్లని రానివ్వరు కదమ్మా, నువ్వే కదా గేటు దగ్గర సున్నం గీత గీసి సొంత అల్లుణ్ని అవతల నిలబెట్టావు" అంది. నిజమే. నేను పెట్టిన గీత నాకే అడ్డమొచ్చింది.

గుడ్డ ఎందుకు కట్టుకున్నావో రాయి.

అక్క

*

షెడ్డు నుంచి
జూలై 6, శనివారం

అక్కా,

ఆ డ్రైవరు దాణాతో పాటు కబుర్లు కూడా తూకం వేసి దించుతాడని తెలిస్తే గుడ్డ తీసి నిలబడేదాన్ని.

సరే, దాచను. మొన్నటి బ్యాచ్‌లో వారంలో మూడు వందలు పోయాయి. గొయ్యి రెండుసార్లు తవ్వింది నిజమే. ఈ బ్యాచ్‌లో మొదటి పది రోజులు అలాగే మొదలైంది. సూపర్‌వైజర్ గేటు దగ్గరే నిలబడి, లోపలికి కూడా రాకుండా, "అమ్మా, ఇది కూడా పోతే షెడ్డు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది, నా చేతుల్లో లేదు" అన్నాడు. మీ మరిది ఆ రోజంతా గది మధ్యలో మంచం మీద కూర్చుని గోడలు చూస్తూ ఉన్నాడు. నలభై ఏళ్లలో మాకు మేకు కొట్టుకోనిచ్చిన గోడ ఇదొక్కటే అక్కా.

అందుకే రెండు మందులూ రెట్టింపు చేశాను. అప్పట్నుంచీ చావులు తగ్గాయి. నిన్న రెండే. రెట్ట గట్టిపడింది. గొట్టం చివర నీళ్లు అద్దంలా వస్తున్నాయి.

గుడ్డ సంగతి ఏమీ లేదు, బ్లీచింగు పొడి లేస్తుందని. నీళ్ల గది కిటికీకి గోతం కొట్టాను, గాలికి పొడి ఎగిరిపోతోందని. అందుకని లోపల వాసన ఘాటుగా ఉంటుంది. ఘాటుగా ఉంటేనే మందు పనిచేస్తున్నట్టు అంటాడు మీ మరిది. దగ్గు దుమ్ముకి. ఒక్కటే చిక్కు, నాలుకకి పులుపు తెలియడం లేదు. కూరలో ఉప్పు కూడా తెలియడం లేదు. మీ మరిది రెండు రోజులు నోరు మూసుకుని తిని, మూడో రోజు "ఉప్పు గని దొరికిందా ఏమిటి" అన్నాడు. నీళ్లు మాత్రం రంగు కాగితంతో చూస్తున్నాను, దిగులు పడకు.

పిల్లి దాని పిల్లల్ని నోట కరుచుకుని దాణా గదిలోకి మారింది. నీళ్ల గది గడియ తుప్పు పట్టి రాలిపోతే తాడు కట్టాను.

జూలై ఆఖరుకి ఈ బ్యాచ్ అమ్మకానికి ఎత్తేసినా వెంటనే కొత్తది దింపుతామన్నారు. ఇప్పుడు రాకు. నువ్వొచ్చి నా మొహం చూసి ఏడవడం తప్ప చేసేదేమీ లేదు.

చిన్నది

*

కూతురి ఇంటి నుంచి
ఆగస్టు 2, శుక్రవారం

చిన్నదానా,

నీ ఉత్తరం ఇరవైసార్లు చదివాను. మడతల దగ్గర చిరిగింది, అమ్మాయి వెనక కాగితం అంటించింది. అది అందాక నెలంతా లారీ మీ వైపు రాలేదు, వేరే మిల్లు నుంచి దాణా తెప్పించుకున్నారట. అల్లుడి చేత మూడుసార్లు ఫోను చేయించాను. మూడుసార్లూ మరిదిగారే తీసి "బాగున్నాం, పనిలో ఉంది" అన్నారట.

నాకు చదువు లేదు. మూడో తరగతిలో పలక పగిలింది, అంతటితో సరి. కానీ ఆ గదిలో పదకొండేళ్లు నిలబడ్డాను. ఆ గదిలో ఎప్పుడూ ఘాటు వాసన లేదు. విను, ఎప్పుడూ లేదు. మూత తీసినప్పుడు బ్లీచింగు కాస్త ముక్కుకి తగులుతుంది, పుల్లమందు కాస్త తగులుతుంది. గోతం కడితే మాత్రం ఎక్కువెందుకవుతుంది? గడియ నా చేతుల మీదే బిగించాను. ఇన్నేళ్లు రాలనిది నాలుగు నెలల్లో ఎలా రాలింది?

మొన్న అల్లుడు చింత పడొద్దంటూ నాకు పుల్లటి బిళ్ల ఒకటి కొనిచ్చాడు, నోట్లో పెట్టుకుంటే నాలుక జివ్వుమంది. నీకది తెలియదు కదా అని ఉమ్మేశాను. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నదానివి. నీ నాలుక ముందెలా పోతుంది?

నన్ను ఎగతాళి చెయ్యి, పిచ్చిదాన్ననుకో. ఒక్క పని చెయ్యి. బాగున్నాం అని రాయకు. పొద్దున ఆ గది తాడు విప్పిన దగ్గర్నుంచి మళ్లీ కట్టేదాకా నీ చేతులు ఏం చేస్తాయో అది రాయి. ఏది ముందు, ఏది తర్వాత, దేంట్లో. చేతులు చేసేది మాత్రమే రాయి.

డ్రైవరుతో చెప్పాను, నువ్వు రాసేదాకా కదలవద్దని.

అక్క

*

షెడ్డు నుంచి
ఆగస్టు 3, శనివారం

అక్కా,

డ్రైవరు కదలడం లేదు. లారీ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నువ్వు పోలీసుల్లో చేరాల్సింది.

ముందు మంచి మాట. కిందటి బ్యాచ్ బాగా ఎత్తారు. సూపర్‌వైజర్ నాలుగు షెడ్ల వాళ్లని గేటు దాకా తీసుకొచ్చి మా పక్షుల్ని చూపించాడు. "నీళ్లంటే ఈవిడ దగ్గర నేర్చుకోండి" అన్నాడు. మా గురించి ఒకరు అలా అనడం ఇదే మొదటిసారి. కొత్త పిల్లలు దిగి మూడు రోజులైంది, ఒక్కటీ పోలేదు. కాబట్టి ఇప్పుడు పద్ధతి మార్చమని మాత్రం అడగకు.

నా చేతులు చేసేది ఇది. తాడు విప్పుతాను. గుడ్డ తడిపి నోటికీ ముక్కుకీ కట్టుకుంటాను. డ్రమ్ములో కొంచెం నీళ్లు పట్టి బ్లీచింగు వేసి కర్రతో తిప్పుతాను. దాని మీదే పుల్లమందు పోస్తాను. బుసబుసమని పొంగుతుంది. పసుపూ ఆకుపచ్చా కలిసినట్టు పల్చగా పొగ లేస్తుంది. మూత వేసి, తలుపు మూసి బయటికొచ్చి దగ్గుతాను. ఊపిరి అందాక లోపలికెళ్లి నీళ్లు నింపి, మోటారు వేసి పై తొట్టిలోకి ఎక్కిస్తాను. అంతే.

నువ్వు రెండింటినీ రెండు డ్రమ్ముల్లో కలపడం చూశాను. కానీ ఇక్కడ ఉన్నది ఒకటే కదా. నీలం డ్రమ్ము నువ్వు వెళ్లేటప్పుడు సామాన్లు వేసుకుని తీసుకెళ్లావు. అడుగుదామనుకున్నాను. షెడ్డే ఇచ్చినదాన్ని డ్రమ్ము కూడా అడగాలా అని ఊరుకున్నాను. చివరికి రెండూ ఒకే తొట్టిలో కలిసేవే కదా, ముందే కలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఈ వారం మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కింద పడుకుంటే దగ్గు ఆగడం లేదు, గోడకి ఆనుకుని కూర్చుంటున్నాను. వయసు. మీ మరిది రేపటి నుంచి నీళ్లు నేను కలుపుతాలే అంటున్నాడు.

డ్రైవరు లేచాడు.

చిన్నది

*

కూతురి ఇంటి నుంచి
ఆగస్టు 5, సోమవారం

చిన్నదానా,

ఈ ఉత్తరం చదువుతున్నది నువ్వైనా, మరిదిగారైనా, ముందు ఇది వినండి. ఆ గదిలోకి ఎవరూ వెళ్లవద్దు. కిటికీ గోతం బయట నుంచి కర్రతో లాగెయ్యండి. తలుపు బార్లా తెరిచి దూరంగా జరగండి. డ్రమ్ములో ఉన్నది అలాగే వదిలెయ్యండి, దాని మీద ఇంకేమీ పొయ్యవద్దు, తిప్పవద్దు. పక్షులకి వట్టి బోరు నీళ్లు ఇవ్వండి. పోతే పోనీ. ఎన్ని పోతే అన్ని పోనీ.

నిన్న పొద్దున నీ ఉత్తరం అందింది. నేను చదువుతుంటే నా మొహం చూసి అమ్మాయి లాక్కుని చదివింది, అది పట్టుకుని మందుల దుకాణానికి పరిగెత్తింది. అక్కడ దుకాణం ఆయన మొత్తం చదవలేదట. పొగ అన్న మాట దాకా చదివి "ఆవిణ్ని ఆ గదికి దూరంగా పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి, దగ్గు కాదమ్మా అది, ఊపిరితిత్తులు కాలడం" అన్నాడట. బ్లీచింగు మీద పుల్లమందు లాంటి ఆమ్లం పోస్తే లేచేది విషవాయువట. నీళ్ల తొట్టిలో పలచబడ్డాక కలవడం వేరు, డ్రమ్ములో చిక్కగా ఒకదాని మీద ఒకటి పడడం వేరు. గుడ్డ తడిపి కట్టుకుంటే ఆగేది కాదట.

నాకిది తెలుసు చిన్నదానా. విషమని ఎవరూ చెప్పకపోయినా నా చేతులకి తెలుసు. మొదటి ఏడాది పాత సూపర్‌వైజర్ "ఈ రెండిటికీ పడదు, ఒకే డ్రమ్ములో పెట్టకు" అన్నాడు. అందుకే నీలం డ్రమ్ము కొన్నాను. బ్లీచింగు పొద్దున్నే నీలం దాంట్లో కలిపి తొట్టికి ఎక్కించేదాన్ని. అది తొట్టినిండా నీళ్లలో పలచబడ్డాక, పొద్దెక్కాక, పుల్లమందు రెండో దాంట్లో. రెండు డ్రమ్ములున్నంత కాలం ఎవరు కలిపినా రెండింట్లోనే కలుపుతారు. చెప్పాల్సిన పని లేకపోయింది. డ్రమ్ము నేను తెచ్చుకున్న రోజే చెప్పాల్సిన పని పడింది. ఆ రోజు నాకు నా దుప్పట్లు తడవకుండా చేరాలన్న బెంగ తప్ప ఇంకోటి తోచలేదు. లోకంలో లేని భయాలన్నీ నీకు రాశాను. ఉన్న ఒక్కదాన్ని నా వెంట తెచ్చుకుని అందులో పాత బట్టలు కుక్కాను.

నిన్న మధ్యాహ్నం అల్లుడు ఫోను చేశాడు. మరిదిగారు తీశారు. ఫోను నా చెవికి గట్టిగా నొక్కుకుని విన్నాను. నువ్వు పడుకున్నావన్నారు. పగలు పడుకోవడం నువ్వు ఎరగవు. "లేపండి" అన్నాను. "ఇప్పుడే కళ్లు మూసింది వదినగారూ, పొద్దున్నుంచీ కూర్చునే ఉంది" అన్నారు. నీళ్లు ఎవరు కలిపారని అడిగాను. "నేనే కలిపాను, మీరు కంగారు పడకండి" అంటూ మధ్యలో దగ్గారు. నాకు చెవుడు కానీ ఆ దగ్గు వినపడింది. ఆస్పత్రి అని అల్లుడు గట్టిగా చెబితే, "నాలుగు రోజుల కోడిపిల్లల్ని వదిలి ఎలా వెళ్తాం, రేపు చూద్దాం" అన్నారు. సాయంత్రం మళ్లీ చేశాం, మోగింది. ఇవాళ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది, తీయడం లేదు. ఆంబులెన్సు వాళ్లకి ఫోను చేసి అల్లుడు దారి చెప్పాడు. పంపుతాం అన్నారు, ఎప్పుడో చెప్పలేదు.

డ్రైవరు ఇవాళ వేరే షెడ్డుకి దాణా తోలుతున్నాడు. దారి మళ్లించి మీ దగ్గర ఆపుతానని ఒట్టేశాడు. నన్నూ ఎక్కించుకోమన్నాను. ఒద్దనలేదు పాపం. కింద నుంచి అమ్మాయీ అల్లుడూ ఎత్తారు, పై నుంచి ఆయన లాగాడు. మోకాలు ఆ మెట్టు మీదకి మడత పడలేదు. మూడుసార్లు ప్రయత్నించి ముగ్గురూ నన్ను రోడ్డు పక్క స్టూలు మీద కూర్చోబెట్టారు. లారీ ఇంజను ఆడుతూనే ఉంది, ఈ నాలుగు మాటలూ ఆ స్టూలు మీదే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే.

నువ్వు మెలకువగా ఉంటే వెనక్కి ఆనుకునే కూర్చో, వెల్లకిలా పడుకోకు. మాట్లాడకు. డ్రైవరు లోపలికొచ్చి పిలుస్తాడు, గీత దాటి రమ్మని నేనే చెప్పాను. లారీలోనే ఆస్పత్రికి తీసుకెళతానన్నాడు. ఆయనతో వెళ్లు. మొండికెయ్యకు. షెడ్డు పోతే పోతుంది. మేకు కొట్టుకోవడానికి నా గది గోడ ఉంది, అమ్మాయిని అడిగాను, "పిన్ని రావాలే గానీ గోడంతా మేకులు కొట్టుకోమను" అంది.

మీ వైపు బస్సు వారానికి ఒక్కటే. అల్లుడు టిక్కెట్లు తెచ్చాడు, అమ్మాయీ నేనూ వస్తున్నాం. మరిదిగారు ఎదురొచ్చి "పడుకుంది" అంటే నేను ఒప్పుకోను. ఆస్పత్రి మంచం మీదైనా సరే, కూర్చుని నా వైపు చూడాలి. బుధవారం, ఆగస్టు ఏడో తేదీ, పొద్దున పది గంటలకి.

అక్క